ధాన్యము, ఎడ్లు, దినములు - 1791 నాటి బెంగుళూరు దండయాత్రనుండి ఒక పాఠము

బెంగుళూరులో కృష్ణరాజేంద్ర మార్కెట్టు చెంత, బండ్ల రద్దీ నడుమ, పాత కోటలో మిగిలిన కొద్ది భాగము కలదు. దాని వాకిలిని ఢిల్లీ ద్వారమందురు. 1791 మార్చి 21వ తేదీన గోడకు పడిన గండిలోనుండి ఆంగ్ల సేన లోనికి చొచ్చిన సంగతిని తెలుపు ఫలకమొకటి అచ్చట గోడకు అమర్చబడియున్నది. మన పిల్లలు చరిత్ర పుస్తకమున మూడవ మైసూరు యుద్ధమును గూర్చి చదువుదురు. తేదీలను వల్లె వేయుదురు. బెంగుళూరు కోట పట్టుబడెను, శ్రీరంగపట్టణమున సంధి జరిగెను అని రెండు వాక్యములతో కథ ముగియును. ఆ రెండు వాక్యముల నడుమ ఇంచుమించు ఒక సంవత్సర కాలము గడచినది. ఆ సంవత్సరములో ఒక సేన జయించి, ఆకలికి ఓడి వెనుదిరిగి, మరల లెక్క సరిచూచుకొని వచ్చినది. ఆ లెక్కను గూర్చియే ఈ వ్యాసము. పిల్లలచే చదివించుటకు ముందు తల్లిదండ్రులు ఒకసారి చదివినచో వారికి వివరించుట సులభమగును.

ఏ సేనకైనను సన్నాహము చేయువారి యెదుట మూడు ప్రశ్నలుండును. ఎంత వ్యయమగును? ఎంత కాలము పట్టును? ఎంత అపాయమునకు సిద్ధపడవలెను? ఈ మూడింటిలో ఒకదానిని తగ్గింపబోయిన తక్కిన రెండింటిలో నొకటి పెరుగును. త్వరపడిన అపాయము హెచ్చును. అపాయమును తగ్గింపవలెనన్న ధనమైనను దినములైనను చెల్లింపవలెను. పెండ్లి సంబారములను సమకూర్చిన గృహస్థుడెవ్వడును ఈ సంగతి ఎరుగకపోడు.

మన పాఠశాల తల్లిదండ్రులలో విమాన కర్మాగారమునకు సంబంధించిన ఉద్యోగములు చేయువారికి దీనిని మేము నేర్పనక్కరలేదు. బెంగుళూరులో రూపొందిన తేజస్ యుద్ధ విమానమునకు ప్రభుత్వము 1983లో అనుమతి నిచ్చెను. అది మొదటిసారి గాలిలోనికి లేచినది 2001 జనవరి 4న; వైమానిక దళమున ఆ విమానములతో తొలి స్క్వాడ్రను ఏర్పడినది 2016 జూలై 1న. స్వదేశమున చేయదలచిన కావేరి ఇంజను సకాలమునకు అక్కరకు రానందున అమెరికా ఇంజనును అమర్చిరి. అందువలన ఒక అపాయము తగ్గెను, మరియొకటి వచ్చి చేరెను. 1998లో పోఖరాన్ పరీక్షల పిమ్మట అమెరికా విధించిన ఆంక్షలు ఈ పథకమునకు తగిలెను. ఇటీవలి సంవత్సరములలో ఆ దేశమునుండి ఇంజనులు ఆలస్యముగా అందుటచే విమానములును ఆలస్యమాయెను. ఆలస్యమును ఎత్తిపొడుచుట సులభము. ఏ అపాయమును విడిచి ఏ అపాయమును ఎత్తుకొంటిరని అడుగువారు తక్కువ. రెండు వందల యేండ్లకు పూర్వము ఇదే నగరమున ఆ ప్రశ్నకు ఎడ్లే సమాధానము చెప్పవలసి వచ్చెను.

ఆనాటి దండుల సంగతి తెలియుటకు మన భాషలోనే రెండు మాటలు సిద్ధముగా నున్నవి. దినమునకింత అని సైనికునకిచ్చు తిండి సామగ్రి బత్తెము. ఎద్దు వీపున రెండు ప్రక్కల వ్రేలాడవేయు సంచి బరువు పెరిక. దానిని మోయునది పెరికెద్దు. బత్తెమెంత, పెరికెలెన్ని అను రెండు ప్రశ్నలే దండయాత్రకు ప్రాణము. పిల్లలచే ఒక లెక్క చేయింతము. సులభముగా నుండుటకై ఊహించిన అంకెలు మాత్రమే ఇవి. ఒక సేనలో 20,000 మంది పోరువారున్నారు. తలకు దినమునకొక సేరు బియ్యము. ఒక పెరికెద్దు 70 సేర్లు మోయును. అప్పుడు ఒక దినపు బత్తెమునకు 286 ఎడ్లు, 40 దినములకు 11,400కు పైగా ఎడ్లు కావలెను. ఇది పోరువారికి మాత్రమే. ఆ కాలపు సేన వెంట గుడారములు మోయువారు, గడ్డి కోయువారు, వంటవారు, అంగళ్లవారు, వారి ఆలుబిడ్డలు పోరువారికంటె పలు రెట్లుగా నడచుచుండిరి. కోటగోడలను పడగొట్టు పెద్ద ఫిరంగులకు జతలకు జతలు వేరుగా కట్టవలెను.

లెక్కలో అసలు చిక్కు ఇప్పుడు వచ్చును. ఆ ఎద్దునకు దారిలో గడ్డి దొరకలేదనుకొనుడు. దినమునకు రెండు సేర్ల ఉలవలు పెట్టవలసి వచ్చినదనుకొనుడు. తాను మోయు 70 సేర్లను అది 35 దినములలో తానే తినివేయును! 40 దినముల యాత్రలో అట్టి ఎద్దువలన సేనకు ఒక్క గింజయు మిగులదు. ఎన్ని ఎడ్లను కొన్నను, ఎంత ధనము పోసినను ఈ చిక్కు తీరదు. కనుక దారిప్రక్క పచ్చికయే సేనకు అసలైన కోశాగారము. ఈ సంగతి టిప్పు సుల్తానునకు చక్కగా తెలియును.

1789 డిసెంబరు 29న టిప్పు తిరువాంకూరు సరిహద్దు గోడపై దాడి చేయుటతో యుద్ధము మొదలాయెను. తూర్పు ఇండియా కంపెనీ, హైదరాబాదు నిజాము, మరాఠాలు ఒక పక్షమైరి. 1790లో మద్రాసు గవర్నరు మెడోస్ దక్షిణపు దారిన కోయంబత్తూరు వైపు నడపిన యాత్ర ఫలింపలేదు. ఒక సంవత్సరపు వ్యయము వృథాయాయెను. అంతట గవర్నరు జనరలు కారన్‌వాలిసు తానే సేనాధిపత్యము వహించెను. 1791 ఫిబ్రవరిలో వేలూరు చేరి, ఆంబూరు కనుమ వైపుగా వచ్చునట్లు టిప్పును భ్రమింపజేసి, ఉత్తరమునకు మరలి, చిత్తూరుమీదుగా మొగిలి కనుమనెక్కి పలమనేరు చేరెను. ఈనాడు తిరుపతికి పోవు మన కుటుంబములు దిగి యెక్కుచున్న కనుమ అదియే. అటనుండి కోలారు, హోసకోట. మార్చి 5న సేన బెంగుళూరు ఎదుట నిలిచెను. 7న పేట, 21వ తేదీ రాత్రి కోట పట్టుబడెను. కోటను కాచిన కిల్లేదారు బహదూర్ ఖాన్ పోరులోనే మరణించెను.

కోట చిక్కినది గాని, ఎడ్లు అప్పటికే బక్కచిక్కినవి. పేటలో దొరికిన మేత త్వరలోనే తరిగిపోయెను. నిజాము పంపుచున్న గుఱ్ఱపుదళమును కలిసికొనుటకు కారన్‌వాలిసు ఉత్తరముగా పోయి, ఏప్రిలు నెలాఖరునకు తిరిగి బెంగుళూరు చేరెను. పదివేలని పేరుగల ఆ రౌతులు పోరునకు అంతగా ఉపకరింపలేదు. మేతను మాత్రము తక్కువ చేయలేదు. సహాయమునకు వచ్చినవారికిని బత్తెము పెట్టవలెనను సంగతి సంధిపత్రములలో కనబడదు.

ఇప్పుడు కారన్‌వాలిసు యెదుట రెండు దారులు కలవు. బెంగుళూరుననే నిలిచి, వర్షకాలము గడపి, ధాన్యము కూడబెట్టి, చలికాలమున శ్రీరంగపట్టణముపైకి పోవుట యొకటి. దానికి ఎనిమిది మాసముల బత్తెము, జీతములు అగును. ఆ లోపున మిత్రుల మనస్సు మారవచ్చును. వానలకు ముందే నడచి ఒక్క దెబ్బతో యుద్ధమును ముగించుట రెండవది. అతడు రెండవదానిని వరించి మే మొదటి వారమున కదలెను. ఆ నిర్ణయమును తెలివితక్కువయనుట మాకు న్యాయముగా తోచదు. యుద్ధమున ప్రతి దినమును ధనమే. కాని అతని లెక్కలో ఒక లోపము కలదు. వానలు ముందుగా రావచ్చును. దారిలో మేత లేకపోవచ్చును. పశువులకు తెగులు తగులవచ్చును. మిత్రుల వార్త అందకపోవచ్చును. వీనిని నాలుగు వేర్వేరు అపాయములుగా చూచిన ఒక్కొక్కటి చిన్నదే. నాలుగును ఎద్దుమీదనే పడునని అతడు చూడలేదు.

పడినవి. నేరు దారిని టిప్పు పాడుచేయించెనని ఎరిగి సేన కానకానహళ్లి, అనగా నేటి కనకపుర, మీదుగా చుట్టు దారిన పోయెను. అచ్చటను మేత తగులబెట్టబడియుండెను; ఊళ్లు ఖాళీ చేయబడియుండెను. మే 13న కావేరి ఒడ్డున అరకెరె చేరునప్పటికి నది నిండి దాటరాకుండెను. 14వ తేదీ రాత్రి నడకను ఉరుములతోకూడిన గాలివాన చెదరగొట్టెను. 15న పోరులో కారన్‌వాలిసే గెలిచెను. ఆ గెలుపువలన ఒక్క గడ్డిపరకయు రాలేదు. పశువులలో తెగులు వ్యాపించెను. సేన కన్నంబాడి వైపునకు సాగెను. కృష్ణరాజసాగరపు ఆనకట్ట తరువాతి కాలమున లేచినది ఆ చోటనే. దానికి ప్రధాన శిల్పియైన విశ్వేశ్వరయ్యగారి పూర్వులది మన మోక్షగుండమని పాఠకులెరుగుదురు. అచ్చటికి చేరునప్పటికి పెద్ద ఫిరంగులను లాగుటకు ఎడ్లు లేవు. మైసూరు రాజధాని కనుచూపు మేరలో ఉండగా, మద్రాసునుండి అంత దూరము లాగుకొని వచ్చిన కోటగొట్టు ఫిరంగులను తన చేతులతోనే పగులగొట్టించి, మే 26న కారన్‌వాలిసు వెనుదిరిగెను.

అదే దినమున దూరమున గుఱ్ఱపుదళము కనబడెను. శత్రువులనుకొనిరి. వారు హరిపంతు, పరశురామభావుల మరాఠా సేనలు! వారు అంత దగ్గరకు వచ్చియున్న సంగతి కారన్‌వాలిసునకు తెలియకుండ టిప్పు రౌతులు వార్తాహరులను పట్టి దారులు మూసివేసిరి. ఆ వార్త నాలుగు దినములు ముందు అందియుండినచో ఫిరంగులు మిగిలియుండెడివేమో! మరాఠా శిబిరమున బజారు నిండుగా నుండెను. ఆంగ్లదేశపు బనాతులనుండి కాశ్మీరు శాలువలవరకు అచ్చట దొరకినవట. ధాన్యమును దొరకెను, కాని వెల ఆకాశమునంటెను. ఆకలిగొన్నవాడు బేరమాడలేడు. కాలమును మిగుల్చుకొన జూచిన దానికి వడ్డీ ఆ బజారులో చెల్లినది.

టిప్పు లెక్కను గూర్చి గూడ చెప్పవలెను. అతని బలము వేగము. మైసూరు రాజులు పెంచిన, హైదరు, టిప్పులు దండుకై వృద్ధిచేసిన అమృతమహలు జాతి ఎడ్లు ఫిరంగులను ఆంగ్లుల ఎడ్లకంటె ఎంతో త్వరగా లాగెడివి. ఆ జాతిని ఇప్పటికిని అజ్జంపురమున పెంచుచున్నారు. శత్రువును నేరుగా ఢీకొనక, వానలవరకు కాలమును సాగదీసి, మేతను లేకుండ జేయుట అతని ఉపాయము. మే నెలలో అది ఫలించెను. కాని తగులబడిన గడ్డి ఎవరిది? ఖాళీయైన ఊరు ఎవరిది? అపాయమును ఆంగ్ల సేనపైకి త్రోయుటకై వ్యయమును అతడు తన రైతుపైననే మోపెను. యుద్ధ చరిత్రలు వ్రాసినవారు ఫిరంగులను లెక్కించిరిగాని ఆ రైతు కోల్పోయిన దుక్కిటెడ్లను లెక్కించిన పుస్తకము మాకు కనబడలేదు.

జూలైలో బెంగుళూరు చేరిన పిమ్మట కారన్‌వాలిసు మొదటి దారికే వచ్చెను. అనగా కాలమును వ్యయము చేయుటకు ఒప్పుకొనెను. ఆ ఆరు మాసములలో జరిగిన పనిలో మెరుపులేదు గనుక పాఠ్య పుస్తకములు దానిని విడిచివేయును. మా దృష్టిలో యుద్ధమును నిర్ణయించినది ఆ ఆరు మాసములే.

మొదట దారులను కాపాడుకొనెను. జూలైలో హోసూరు పట్టుబడుటతో తమిళదేశమునుండి ధాన్యము వచ్చు కనుమ తెరచుకొనెను. నిజాము రాజ్యమునుండి వచ్చు ఉత్తరపు దారిపై కన్నువేసియున్న నంది దుర్గమును మూడు వారములు ముట్టడించి అక్టోబరు 19న తీసికొనిరి. మన పిల్లలు ఆటవిడుపునకు పోవు నంది కొండయే అది. బెంగుళూరుకును శ్రీరంగపట్టణమునకును నడుమనున్న సావనదుర్గము ఎవరికిని చిక్కదని పేరుపడినది. డిసెంబరు 21న అదియు పడెను; మూడు దినములకు ఉత్తరి దుర్గము. అన్నియు గెలుపులే కావు. కృష్ణగిరిపై నవంబరులో చేసిన దాడి తప్పిపోయెను. గుఱ్ఱంకొండలో నిజాము సేన దిగువ కోటను పట్టియు టిప్పు కుమారుని ఆకస్మిక దాడికి గురియాయెను. కొండకోటలను పట్టుటలో వారి కోరిక కోటలు కాదు, ఎద్దుల బారు నిర్భయముగా నడచు దారి.

రెండవది, ధాన్యము తెచ్చువారిని మార్చుట. మన రాయలసీమ, తెలంగాణములలో సుగాలీలు, లంబాడీలు అనబడు బంజారాలు తరతరములుగా పెరికెద్దుల బారులతో ధాన్యమును, ఉప్పును దేశము నలుమూలలకు మోసి అమ్మెడివారు. వారు జీతగాండ్రు కారు, వర్తకులు. ఎడ్లు వారివి, సరకు వారిది, దారి తెలిసినవారు వారే. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అను అధికారి వారితో పొత్తు కుదుర్చుకొని వారి బారులను సేన వద్దకు రప్పించెను. ఈ ఏర్పాటులోని నేర్పును గమనింపుడు. కంపెనీ సొంత ఎద్దు చచ్చిన నష్టము కంపెనీది. కిరాయి ఎద్దును తోలువాడు దెబ్బలకు తాళలేక రాత్రికి రాత్రి పారిపోవును. లంబాడీ తన ఎద్దును తన బిడ్డవలె కాచుకొనును, మేతగల దారినే పోవును. ధాన్యమునకు మంచి వెల, దారికి కాపుదల ఉన్నచో వచ్చును, లేనిచో రాడు. సేనాని తన అపాయములో ఒక భాగమును వానికి అప్పగించి, దానికి తగిన వెల చెల్లించెను. నిజమునకు శ్రీరంగపట్టణపు దారి తెరచినవారిలో ఈ పెరికెలవారు ముందువరుసలో నిలువవలసినవారు. రహదారులు, రైళ్లు వచ్చి వారి వృత్తి పోయిన పిమ్మట, ఆంగ్ల ప్రభుత్వమే వారిని నేరస్థ జాతుల చట్టము క్రింద చేర్చుట చరిత్రలోని కృతఘ్నతలలో నొకటి.

మూడవది, ధనము. మరాఠాలు అప్పు అడిగిరి. ఇయ్యకున్న వారు నిలుతురను నమ్మకము లేదు. చైనా వర్తకమునకై పోవుచున్న ఓడలలోని వెండిని మద్రాసున ఆపించి కారన్‌వాలిసు అక్కర తీర్చుకొనెను. కంపెనీకి తేయాకు వర్తకము ప్రాణప్రదము. ఆ వర్తకపు మూలధనమును తాకుట చిన్న తెగువ కాదు. వంగదేశమునుండి ఏనుగులను తెప్పించిరి. ఫిరంగి బండి బురదలో దిగినప్పుడు ఎడ్లు ముందునుండి లాగ, ఏనుగు వెనుకనుండి నుదుటితో నెట్టెడిది.

1792 జనవరి చివర సేన మరల కదలెను. ఫిబ్రవరి 5న శ్రీరంగపట్టణపు ఉత్తర దిక్కున దిగెను. 6వ తేదీ రాత్రి టిప్పు శిబిరముపై దాడి జరిగెను. మే నెలలో అసాధ్యమైనది ఈసారి కొన్ని దినములలో సాధ్యమాయెను. దళములలో శౌర్యము మొదటిసారి తక్కువ కాదు, రెండవసారి హెచ్చు కాదు. బత్తెము వేరు.

ఇక చెల్లింపు. మార్చి 18వ తేదీ సంధిని బట్టి టిప్పు తన రాజ్యమున సగమును, 3 కోట్ల 30 లక్షల రూపాయలను ఇయ్యవలెను. అందులో 1 కోటి 65 లక్షలు వెంటనే; తక్కినది మూడు వాయిదాలలో. ఆ వాయిదాలకు తాకట్టుగా తన ఇద్దరు కుమారులను పంపెను. ఒకనికి పదేండ్లు, మరియొకనికి ఎనిమిది ఉండును. రాజ్యముల లెక్క సరిపడుటకు ఇద్దరు పసివారు రెండు సంవత్సరములు పరదేశమున ఉండవలసి వచ్చెను. చిత్రకారులు ఆ ఘట్టమును కారన్‌వాలిసు దయాగుణమునకు నిదర్శనముగా చిత్రించిరి. మాకు మాత్రము ఆ చిత్రములలో వాయిదాల పత్రమే కనబడుచున్నది. బాకీ తీరిన పిమ్మట 1794లో దేవనహళ్లివద్ద బిడ్డలు తండ్రిని చేరిరి.

ఆ 3 కోట్ల 30 లక్షలు ఎచ్చటనుండి వచ్చినవి? విల్క్స్ అను చరిత్రకారుడు వ్రాసినదానిని బట్టి, ఖజానానుండి 1 కోటి 10 లక్షలు తీసి, 60 లక్షలు సేనవారిపైనను, మిగిలిన 1 కోటి 60 లక్షలు ఉద్యోగులపైనను ప్రజలపైనను వేసిరి. గడ్డి కాలిన రైతునకు పన్నుగూడ వచ్చిపడెను.

గెలిచిన పక్షమున నిజామునకు కడప, గండికోట మొదలగు సీమలు వచ్చినవి. ఆ పిమ్మట 1799లో శ్రీరంగపట్టణము పడినప్పుడు మరికొన్ని చేరెను. అయితే నిజాము తన రాజ్యమున కంపెనీ సేనను నిలుపుకొని, దాని వ్యయమును తానే భరించుటకు ఒప్పుకొనియుండెను. ఏటేటి ఆ భారమునకు బదులుగా 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందముచే ఈ రెండు యుద్ధములలో తనకు వచ్చిన భూములనన్నింటిని కంపెనీకే ఇచ్చివేసెను. వానికి దత్త మండలములని పేరు వచ్చెను. రాయలసీమయను పేరు 1928లో పెట్టబడినది. ఆ మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో దొర, 1791లో ఇదే కారన్‌వాలిసు సేనలో చిన్న ఉద్యోగిగా బెంగుళూరు దారులలో నడచినవాడు. మన పాఠశాలకు బిడ్డలను పంపుచున్న కుటుంబములలో అనంతపురము, కడప సీమలనుండి వచ్చినవారు కలరు. వారి తాతముత్తాతల ఊళ్లు ఒక సేన బత్తెపు పద్దు క్రింద చేతులు మారినవి.